"పంపింది మీరేగా" అని బ్యాంకు చేతులు దులుపుకుంటే

ప్రశ్న: నేను ఇంగ్లండులోని కోవెంట్రీలో పీజీ చదువుతున్నాను. గది కోసం వెతుకుతూ ఆన్‌లైన్‌లో ఒక ప్రకటన చూశాను. మొదటి నెల అద్దె 650, డిపాజిట్ 750, మొత్తం 1,400 పౌండ్లు నా బ్యాంకు యాప్ నుంచి ఓనర్‌నని చెప్పుకున్నతని ఖాతాకు పంపాను. తాళాలు తీసుకుందామని వెళ్తే ఆ ఇంట్లో ఎవరో కుటుంబం ఉంది, వాళ్లకేమీ తెలియదు. ఆ సాయంత్రమే బ్యాంకుకు ఫోన్ చేశాను. మూడు వారాల తర్వాత, "పేమెంటుకు మీరే ఆమోదం తెలిపారు, యాప్‌లో హెచ్చరిక కూడా చూపించాం, డబ్బు తిరిగి ఇవ్వలేం" అని యాప్‌లో మెసేజ్ పెట్టారు. దగ్గర్లో ఉన్న హై స్ట్రీట్ బ్రాంచి మూసేశారు. ఫోన్ చేస్తే గంటసేపు పాటలు వినిపిస్తున్నారు. రివ్యూలు చూస్తే ఈ బ్యాంకుకు ఎక్కడ చూసినా ఒక్క స్టారే. అన్నయ్య బ్యాంకు పేరు పెట్టి అన్ని చోట్లా రాసేయమంటున్నాడు. స్నేహితులు వెంటనే బ్యాంకు మార్చెయ్యమంటున్నారు. నాన్నగారు అప్పు చేసి పంపిన డబ్బు అది. తిరిగి వస్తుందా? ఇప్పుడు ఏం చేయాలి?
ఒక పాఠకురాలు

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి ఆ డబ్బు తిరిగి వచ్చే అవకాశం బాగానే ఉంది. బ్యాంకు నుంచి వచ్చిన ఆ మెసేజ్‌ను ఆఖరి మాట అనుకోకండి. అది మోసాల విభాగం మీ క్లెయిమ్‌పై ఇచ్చిన జవాబు మాత్రమే. ఫిర్యాదు అనేది ఇంకా మొదలే కాలేదు. బ్రిటన్‌లో డబ్బు పోగొట్టుకున్న చాలామంది ఇక్కడే ఆగిపోతారు. క్లెయిమ్ వేరు, ఫిర్యాదు వేరు. క్లెయిమ్ తిరస్కరించారన్న విషయం మీదే ఫిర్యాదు చేయాలి, ఆ ఫిర్యాదుకు వేరే గడువులున్నాయి, దానిపైన వేరే తలుపు ఉంది.

ముందు మీ హక్కు ఏమిటో చూద్దాం. 2024 అక్టోబరు 7 నుంచి బ్రిటన్‌లో చెల్లింపుల వ్యవస్థలను పర్యవేక్షించే పేమెంట్ సిస్టమ్స్ రెగ్యులేటర్ పెట్టిన నిబంధన అమల్లో ఉంది. మోసగాడి మాట నమ్మి కస్టమరు తన చేతులతోనే డబ్బు పంపినా, బ్యాంకు దాన్ని తిరిగి ఇవ్వాలి. కాబట్టి "మీరే ఆమోదించారు" అన్న వాక్యం మీ క్లెయిమ్‌ను కొట్టేయడానికి కారణం కాదు. ఆ నిబంధన పుట్టిందే మనుషులు తామే ఆమోదించి పంపిన పేమెంట్ల కోసం. గరిష్ఠంగా 85,000 పౌండ్ల వరకు వర్తిస్తుంది. ఆఖరి పేమెంటు చేసిన రోజు నుంచి 13 నెలల్లోపు క్లెయిమ్ చేయాలి, మీరు మోసం తెలిసిన రోజే చేశారు. బ్యాంకు కావాలనుకుంటే 100 పౌండ్ల వరకు కోత పెట్టుకోవచ్చు. అంటే మీకు తక్కువలో తక్కువ 1,300 పౌండ్లు రావాలి. మీ బ్యాంకు ముందు చెల్లించి, అందులో సగం మోసగాడి ఖాతా ఉన్న బ్యాంకు దగ్గర రాబట్టుకుంటుంది. ఆ లెక్క వాళ్లిద్దరి మధ్యది. "అవతలి బ్యాంకు జవాబు ఇవ్వలేదు" అని మీతో అంటే అది మీరు మోయాల్సిన బరువు కాదు.

ఈ నిబంధన దేనికి వర్తించదో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే మన విద్యార్థుల డబ్బు చాలాసార్లు ఈ సందుల్లోనే పోతుంది. బ్రిటన్‌లోని ఒక ఖాతా నుంచి బ్రిటన్‌లోని ఇంకో ఖాతాకు, ఫాస్టర్ పేమెంట్స్ (యాప్‌లో మామూలుగా జరిగే తక్షణ బదిలీ) ద్వారా గానీ చాప్స్ (ఎక్కువగా పెద్ద మొత్తాలకు వాడే బదిలీ) ద్వారా గానీ వెళ్లిన డబ్బుకే ఈ రక్షణ. ఇండియాలో ఉన్న తల్లిదండ్రులు అక్కడి బ్యాంకు నుంచి నేరుగా మోసగాడి ఖాతాకు పంపితే ఇది వర్తించదు. నగదు, చెక్కు, క్రిప్టో కూడా అంతే. కార్డుతో కడితే దారి వేరు. డెబిట్ కార్డయితే చార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన డబ్బును వెనక్కి తెప్పించమని మీ బ్యాంకును అడగాలి, దానికి మామూలుగా 120 రోజుల గడువు ఉంటుంది. ఇంకో చిక్కు ఏమిటంటే, రూమ్మేట్ తన ఖాతా నుంచి మీ తరఫున పంపి ఉంటే క్లెయిమ్ చేయాల్సింది రూమ్మేటే, తన బ్యాంకులోనే. మీరు మీ యాప్ నుంచే పంపానన్నారు కాబట్టి మీ కేసు నిబంధన లోపలే ఉంది.

బ్యాంకు ఇవ్వనని చెప్పగలిగే కారణాలు చాలా కొద్దివి. మీరే మోసంలో భాగస్వామి అయి ఉండాలి, లేదా అది మోసం కాక మామూలు సివిల్ తగాదా అయి ఉండాలి, లేదా మీరు తీవ్రమైన నిర్లక్ష్యం చూపి ఉండాలి. మూడో దాని మీదే బ్యాంకులు ఎక్కువగా నిలబడతాయి. కానీ మామూలు పొరపాటు, తొందరపాటు, నమ్మకం, ఇవేవీ తీవ్రమైన నిర్లక్ష్యం కిందికి రావు. మామూలు అజాగ్రత్త కంటే చాలా ఎక్కువ స్థాయి ఉండాలని రెగ్యులేటరే చెప్పింది. దాన్ని రుజువు చేయాల్సింది బ్యాంకు, మీరు కాదు. కస్టమరు నుంచి ఆశించేవి నాలుగే. బ్యాంకు ఇచ్చిన నిర్దిష్టమైన హెచ్చరికను పట్టించుకోవడం, మోసం తెలియగానే చెప్పడం, బ్యాంకు అడిగిన వివరాలు ఇవ్వడం, పోలీసులకు చెప్పడానికి ఒప్పుకోవడం.

"హెచ్చరిక చూపించాం" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. మీ కేసు నెగ్గడమో ఓడటమో ఇక్కడే తేలుతుంది. యాప్‌లో కొత్త ఖాతాకు పంపేటప్పుడు మూడు విషయాలు జరుగుతాయి. మొదట పేరు సరిపోయిందో లేదో చూపిస్తుంది. తర్వాత "ఈ డబ్బు దేనికి?" అని ఒక జాబితా ఇస్తుంది. దాన్ని బట్టి ఒక హెచ్చరిక తెర వస్తుంది. వీటిలో ప్రతి దానికీ మీ కేసులో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుని రాసుకోండి. పేరు "సరిపోయింది" అని వచ్చి ఉంటే అది మీకు పెద్ద బలం. మోసగాళ్లు అద్దెకు తీసుకున్న ఖాతాలు వాడతారు, ఆ ఖాతాదారు పేరే ఓనర్ పేరుగా చెబుతారు, అందుకే పేరు సరిపోతుంది. "సరిపోలేదు" అని వచ్చినా పంపి ఉంటే ఎందుకు పంపారో చెప్పాలి. భార్య ఖాతా అన్నాడా, కంపెనీ ఖాతా అన్నాడా, ఏ మాటలు చెప్పాడు? అది వాట్సాప్‌లో ఉంటే ఆ మెసేజ్‌నే చూపించండి.

జాబితాలో "అద్దె" ఎంచుకున్నారా, "స్నేహితులు, కుటుంబం" ఎంచుకున్నారా? మోసగాళ్లు చాలాసార్లు రెండోది నొక్కమంటారు, అలా చేస్తే అద్దె మోసాల గురించిన హెచ్చరిక రాదు గనుక. మీకూ అలాగే చెప్పి ఉంటే దాచకండి. ఆ మాట అతను చెప్పిన మెసేజ్ ఉంటే అది మీ నిర్లక్ష్యానికి కాదు, అతని మోసానికి రుజువు. ఇక హెచ్చరిక తెర. "ఇది మోసం కావచ్చు, జాగ్రత్త" అని అందరికీ ఒకేలా వచ్చే తెర చూపించినంత మాత్రాన బ్యాంకు బాధ్యత తీరిపోదు. ఆ పేమెంటుకు సంబంధించి, "ఈ ఇల్లు మీరు స్వయంగా చూశారా? చూడకుండా డబ్బు పంపకండి" అన్నంత స్పష్టంగా చెప్పి ఉండాలి. కాబట్టి మీ ఫిర్యాదులో అడగాల్సిన మొదటి ప్రశ్న: నాకు చూపించిన హెచ్చరిక పూర్తి పాఠం ఏమిటి, ఏ సమయానికి చూపించారు, అందులో నా పరిస్థితికి సరిపోయే వాక్యం ఏది? మీ దగ్గర ఆ తెర స్క్రీన్‌షాట్ ఉండే అవకాశం లేదు. బ్యాంకు దగ్గర రికార్డు ఉంటుంది.

ఒకవేళ ఆ సమయంలో మీరు అనారోగ్యంతో ఉన్నా, ఇంట్లో ఎవరైనా పోయినా, దేశానికి అప్పుడే వచ్చి ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోయినా ఆ సంగతి తప్పక రాయండి. ఇలాంటివి ఉన్న కస్టమరును నిబంధనలు ప్రత్యేకంగా చూస్తాయి. ఆ పరిస్థితి వల్లే మోసాన్ని పసిగట్టలేకపోయారని తేలితే నిర్లక్ష్యం అన్న వాదన నిలవదు, 100 పౌండ్ల కోత కూడా ఉండదు. లేనిది మాత్రం కల్పించవద్దు. మీ మొదటి ఫోన్ కాల్ రికార్డయి ఉంది. అందులో చెప్పినదానికీ ఇప్పుడు రాసేదానికీ తేడా వస్తే మిగతా నిజాలన్నీ కూడా అనుమానంలో పడతాయి. "ఇల్లు చూశాను" అన్న ఒక్క చిన్న అబద్ధం చేతికందిన కేసును పాడుచేస్తుంది. చూడకుండా పంపానంటే పంపానని, ఎందుకు పంపాల్సి వచ్చిందో కారణంతో సహా రాయండి. చదువు మొదలవడానికి వారమే ఉందనో, వేరే ఊళ్లో ఉన్నాననో, ఇంకెవరో డిపాజిట్ కట్టేస్తారని తొందరపెట్టాడనో. అవన్నీ ఎవరైనా అర్థం చేసుకోగల కారణాలే.

ఇప్పుడు రుజువులు. వాట్సాప్ సంభాషణను చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఈరోజే మీ ఈమెయిల్‌కు పంపుకోండి. అవతలివాడు మెసేజ్‌లు తీసేయగలడు, మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగ్ పెట్టి ఉండవచ్చు కూడా. సిగ్గుతోనో కోపంతోనో చాట్ డిలీట్ చేసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ప్రకటన ఇంకా ఉంటే లింకుతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. అతను పంపిన నకిలీ అగ్రిమెంటు, గుర్తింపు కార్డు ఫొటో దాచండి. ఆ ఇంటి అసలు యజమాని ఎవరో ఆస్తుల యాజమాన్యాన్ని నమోదు చేసే హెచ్ఎం ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో 7 పౌండ్లకు టైటిల్ రిజిస్టర్ (యాజమాన్య వివరాల పత్రం) తీసుకుంటే తెలుస్తుంది. అందులో వేరే పేరుంటే, దానికి తోడు ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబానికి ఏమీ తెలియదన్న వాస్తవం ఉంటే, ఇది సివిల్ తగాదా అనే వాదనకు చోటుండదు. పోలీసు ఫిర్యాదు ఇంకా చేయకపోతే మోసాలపై ఫిర్యాదులు తీసుకునే రిపోర్ట్ ఫ్రాడ్ సేవలో చేసి నంబరు తీసుకోండి. నిన్నమొన్నటి దాకా యాక్షన్ ఫ్రాడ్ అన్నది దీన్నే. స్కాట్లండులో ఉన్నవాళ్లు మాత్రం 101కి ఫోన్ చేసి పోలీస్ స్కాట్లండుకు చెప్పాలి.

ఫిర్యాదు ఎలా పెట్టాలి? ఫోనులో చెప్పినా, చాట్‌లో చెప్పినా చెల్లుతుంది. బ్యాంకుల ప్రవర్తనను పర్యవేక్షించే ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ నిబంధనల ప్రకారం కస్టమరు తన అసంతృప్తిని నోటితో చెప్పినా అది ఫిర్యాదే, బ్యాంకు దాన్ని నమోదు చేయాలి. కానీ ఆచరణలో చాట్‌లో ఉన్న వ్యక్తి "మీ అభిప్రాయాన్ని పంపిస్తాను" అని ముగించేస్తాడు. అభిప్రాయానికి గడువు లేదు, ఫిర్యాదుకు ఉంది. అందుకే రాతపూర్వకంగానే పెట్టండి. బ్యాంకు వెబ్‌సైటులో ఫిర్యాదుల పేజీ, ఈమెయిల్ లేదా పోస్టల్ చిరునామా ఉంటాయి. నంబరు ఇచ్చేదాకా వదలకండి. చాట్‌లో జరిగిన ప్రతి సంభాషణనూ కిటికీ మూయకముందే కాపీ చేసుకోండి, చాలా యాప్‌లలో తర్వాత కనిపించదు.

ఉత్తరం ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. ఇంటర్నెట్‌లో దొరికిన చట్టం సెక్షన్లన్నీ గుమ్మరించిన పన్నెండు పేజీల ఉత్తరాలు బ్యాంకులో ఎవరూ పూర్తిగా చదవరు, అసలు విషయం అందులో మునిగిపోతుంది. ఇంగ్లీషులో రాయండి. సారం ఇలా ఉంటే చాలు:

"నా మోసం క్లెయిమ్‌ను తిరస్కరించడంపై ఇది అధికారిక ఫిర్యాదు. ఫలానా తేదీన, ఫలానా సమయానికి, నా ఖాతా నుంచి ఫాస్టర్ పేమెంట్ ద్వారా 1,400 పౌండ్లు పంపాను. ఆ ఇల్లు అద్దెకు ఇచ్చే హక్కు అతనికి లేదు, రుజువులు జతచేశాను. మోసం తెలిసిన రోజే ఇన్ని గంటలకు మీకు ఫోన్ చేశాను. 2024 అక్టోబరు 7 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఈ పేమెంటుకు రీయింబర్స్‌మెంట్ రావాలి. ఆమోదించానన్నది తిరస్కరణకు కారణం కాదు. నేను తీవ్రమైన నిర్లక్ష్యం చూపానని మీరు భావిస్తే ఏ పనిని అలా భావిస్తున్నారో, ఏ ఆధారంతోనో చెప్పండి. నాకు చూపించిన హెచ్చరిక పూర్తి పాఠం పంపండి. నిర్ణయానికి మూడు వారాలు ఎందుకు పట్టిందో చెప్పండి. నేను కోరేది: 1,400 పౌండ్లు, పడిన ఇబ్బందికి పరిహారం."

మూడు వారాల సంగతి ఎందుకు అడగమన్నామంటే, బ్యాంకు మామూలుగా ఐదు పని దినాల్లో డబ్బు ఇచ్చేయాలి. మీ నుంచో అవతలి బ్యాంకు నుంచో సమాచారం అడగడం వంటి కొన్ని కారణాలకు మాత్రమే గడియారం ఆపవచ్చు, అప్పుడు కూడా 35 పని దినాలు దాటకూడదు. మీ నుంచి ఏమీ అడగకుండా మూడు వారాలు ఉంచుకుంటే దానికి సమాధానం చెప్పాలి.

ఉత్తరంతో పాటే ఇంకో చిన్న ఈమెయిల్ విడిగా పంపండి. అది మీ సమాచారం మీకు ఇవ్వమని అడిగే హక్కు, సబ్జెక్ట్ యాక్సెస్ రిక్వెస్ట్ అంటారు. ఉచితం, బ్యాంకు ఒక నెలలోపు ఇవ్వాలి. "ఫలానా తేదీ నుంచి నా కాల్ రికార్డింగులు, ఆ పేమెంటుకు సంబంధించిన సిస్టమ్ నోట్సు, నాకు చూపించిన హెచ్చరికలు, మోసాల విభాగం నా కేసుపై రాసుకున్న నోట్సు" అని స్పష్టంగా అడగండి. "నా వివరాలన్నీ" అంటే నాలుగేళ్ల స్టేట్‌మెంట్లు పంపి సరిపెడతారు. ఈ కాగితాల్లోనే ఒక్కోసారి కేసు తేలిపోతుంది. పేమెంటును బ్యాంకు సిస్టమే అనుమానాస్పదంగా గుర్తించి, అయినా ఫోన్ చేయకుండా వదిలేసినట్టు నోట్సులో కనిపించవచ్చు.

ఇక గడువులు. ఫిర్యాదు అందిన మూడు పని దినాల్లో బ్యాంకు పరిష్కరించి మీరు సరేనంటే చిన్న ముగింపు లేఖ ఇస్తుంది. లేకపోతే చాలా ఫిర్యాదులకు ఎనిమిది వారాల్లో తుది జవాబు ఇవ్వాలి. చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుల్లో చాలావాటికి ఇది 15 పని దినాలే, అసాధారణ పరిస్థితుల్లో 35. తుది జవాబును గుర్తుపట్టడం నేర్చుకోవాలి. అందులో "ఇది మా తుది జవాబు", "ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్‌కు ఆరు నెలల్లోపు వెళ్లవచ్చు" అన్న మాటలుంటాయి. బ్యాంకులకూ కస్టమర్లకూ మధ్య తగాదాలను తీర్చే స్వతంత్ర సంస్థ అది. ఆ తేదీ నుంచి ఆరు నెలలు లెక్క మొదలవుతుంది. చాలామంది ఆ లేఖకు మళ్లీ కోపంగా జవాబు రాస్తారు, బ్యాంకు మళ్లీ మర్యాదగా బదులిస్తుంది, ఇంకో ఉత్తరం, ఇంకో బదులు. ఇలా నెలలు గడుస్తుంటే ఆ ఆరు నెలల గడియారం మాత్రం మొదటి లేఖ నుంచే నడుస్తుంటుంది. అది దాటితే ప్రత్యేక కారణం ఉంటే తప్ప అంబుడ్స్‌మన్ తీసుకోడు. తుది జవాబు మీకు అనుకూలంగా లేకపోతే బ్యాంకుతో వాదన ఆపి నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. గడువు దాటినా జవాబే రాకపోతే అప్పుడూ వెళ్లవచ్చు, బ్యాంకు అనుమతి అక్కర్లేదు.

మధ్యలో "సుహృద్భావంతో 75 పౌండ్లు ఇస్తాం" అని రావచ్చు. ఫోన్లో ఆలస్యానికి ఇచ్చేదయితే తీసుకోవచ్చు. "మొత్తం ఫిర్యాదుకు పూర్తి, తుది పరిష్కారంగా" అని ఉంటే మాత్రం అసలు డబ్బు తేలేదాకా ఒప్పుకోకండి. చాట్‌లో "ఓకే, థాంక్స్" అన్నా ఒప్పుకున్నట్టు రాసుకుంటారు. "ఆలస్యానికి సంబంధించినంత వరకు మాత్రమే" అని రాతలో చెప్పండి.

ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్ సర్వీస్ మీకు పూర్తిగా ఉచితం. లాయరు అక్కర్లేదు, పర్సంటేజీ తీసుకునే క్లెయిమ్ కంపెనీలు అసలే అక్కర్లేదు. ఆన్‌లైన్ ఫారం నింపవచ్చు, 0800 023 4567కు ఫోన్ చేయవచ్చు. ఇంగ్లీషులో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటే అనువాదకుడి సాయం అడగండి. మొదట ఒక ఇన్వెస్టిగేటర్ రెండు వైపులా చూసి అభిప్రాయం చెబుతారు, ఎక్కువ కేసులు అక్కడే ముగుస్తాయి. ఏ పక్షమైనా ఒప్పుకోకపోతే అంబుడ్స్‌మన్ తుది నిర్ణయం ఇస్తారు. దాన్ని మీరు అంగీకరిస్తే బ్యాంకు పాటించి తీరాలి. మీరు అంగీకరించకపోతే కోర్టు దారి తెరిచే ఉంటుంది. కొన్ని నెలలు పడుతుందని మనసులో పెట్టుకోండి. ఆ డబ్బు వస్తుందన్న లెక్కతో ఫీజు వాయిదా పెట్టుకోవద్దు. మీ చేతిలో పైసా లేని పరిస్థితి ఉంటే మాత్రం ఫారంలోనే రాయండి, ముందుగా చూడమని అడగండి.

పడిన ఇబ్బందికి పరిహారం గురించి ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. చిన్న పొరపాటుకు క్షమాపణ లేదా 100 పౌండ్ల లోపు, సరిచేయించుకోవడానికి తిరగాల్సి వస్తే 100 నుంచి 300, వారాల తరబడి గట్టిగా నలిగిపోతే 300 నుంచి 750 దాకా ఇవ్వడం అంబుడ్స్‌మన్ పద్ధతి. ఎన్ని గంటలు లైన్లో ఉన్నారో కాల్ హిస్టరీ స్క్రీన్‌షాట్లతో చూపిస్తేనే ఆ మాత్రం వస్తుంది.

బ్రాంచి మూసేయడంపై మీ కోపం న్యాయమైనదే, కానీ ఈ ఫిర్యాదులో దాన్ని కలపకండి. ఏ బ్రాంచి ఉంచాలన్నది వ్యాపార నిర్ణయం అని అంబుడ్స్‌మన్ సాధారణంగా పక్కన పెడతాడు. దాంతో మీ ఉత్తరం పల్చబడుతుంది. ఊళ్లో నగదు తీసుకోవడానికి, వేయడానికి ఇబ్బందిగా ఉంటే ఏటీఎంల నెట్‌వర్కును నడిపే లింక్ సంస్థను ఊళ్లోని నగదు అవసరాన్ని అంచనా వేయమని ఎవరైనా కోరవచ్చు. 2024 సెప్టెంబరు 18 నుంచి దానికి నిబంధనలున్నాయి. అలాంటి అంచనాల వల్లే కొన్ని ఊళ్లలో పలు బ్యాంకులు కలిసి వాడుకునే బ్యాంకింగ్ హబ్‌లు వచ్చాయి. ఫోన్లో గంటసేపు ఆగాల్సి రావడం మాత్రం ఫిర్యాదులో చేర్చదగ్గదే. 2023 జూలై 31 నుంచి అమల్లో ఉన్న కన్స్యూమర్ డ్యూటీ అనే నిబంధన ప్రకారం, ఖాతా తెరవడం ఎంత సులువో సాయం అడగడం కూడా అంతే సులువుగా ఉండాలి.

ఇక అన్నయ్య సలహా. రివ్యూ రాయడం మీ హక్కు, కానీ ఇప్పుడు కాదు, తుది జవాబు వచ్చాక. జరిగింది మాత్రమే రాయండి, తేదీలతో. ఫిర్యాదు నంబరు, ఖాతా వివరాలు, ఫోను, మోసగాడి పేరు పెట్టకండి. ఆ ఖాతాదారు అసలు ఎవరో మీకు తెలియదు. ముఖ్యంగా ఎక్స్, ఫేస్‌బుక్‌లలో బ్యాంకు పేరుతో "నా డబ్బు పోయింది" అని రాస్తే కొన్ని నిమిషాల్లోనే బ్యాంకు లోగోతో నకిలీ హెల్ప్ ఖాతాలు మీ ఇన్‌బాక్సులోకి వస్తాయి. "పోయిన డబ్బు రప్పిస్తాం, ముందు ఇంత కట్టండి" అనేవాళ్లూ వస్తారు. ఒకసారి మోసపోయిన మనిషి కోసమే వెతికే ముఠాలవి. ఎవరు ఫోన్ చేసి బ్యాంకు అన్నా పెట్టేసి 159కి డయల్ చేయండి. చాలా పెద్ద బ్యాంకుల మోసాల విభాగానికి అది నేరుగా కలుస్తుంది.

రివ్యూల్లోని ఒక్క స్టార్లను ఎలా చదవాలి? బ్యాంకు పని సజావుగా జరిగినవాడు రివ్యూ రాయడు, మండినవాడు రాస్తాడు. ఐదు స్టార్ల గుంపు కనిపిస్తే, బ్రాంచిలోనో చాట్‌లోనో ఖాతా తెరిచిన వెంటనే అభిప్రాయం అడిగే లింకు వెళ్లి ఉండవచ్చు. అందుకే వాటిలో ఫలానా ఉద్యోగి బాగా సాయం చేశారు అన్న వాక్యం పదేపదే వస్తుంది. ఒకే వారంలో ఒక్క స్టార్లు కుప్పగా పడితే ఆ వారం యాప్ ఆగిపోయి ఉంటుంది. "ఖాతా స్తంభింపజేశారు, కారణం కూడా చెప్పట్లేదు" అన్న రివ్యూలు ప్రతి బ్యాంకుకూ ఉంటాయి. అనుమానాస్పద లావాదేవీపై విచారణ నడుస్తున్నప్పుడు కస్టమరుకు చెప్పడం 2002 నాటి ప్రొసీడ్స్ ఆఫ్ క్రైమ్ యాక్ట్ కింద నేరం కావచ్చు, కాబట్టి బ్యాంకు మౌనం అన్నిసార్లూ అహంకారం కాదు. స్టార్లు లెక్కపెట్టే బదులు ఒకే రకమైన తప్పు నెలల తరబడి మళ్లీ మళ్లీ వస్తోందా అని చూడండి.

మీకు ఉపయోగపడే ప్రజాభిప్రాయం వేరే చోట ఉంది. ఏటా ఫిబ్రవరిలో, ఆగస్టులో పెద్ద బ్యాంకుల కస్టమర్లను సర్వే చేసి, స్నేహితుడికి సిఫార్సు చేస్తారా అని అడిగి ర్యాంకులు ప్రకటిస్తారు. మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ ఆదేశంతో 2018 ఆగస్టు నుంచి ఇది జరుగుతోంది. బ్యాంకులు ఆ పట్టికను తమ బ్రాంచిల్లో, వెబ్‌సైటులో పెట్టి తీరాలి, చివర ఉన్నా సరే. మొబైల్ యాప్, బ్రాంచి, ఓవర్‌డ్రాఫ్టు వేర్వేరు ర్యాంకులు. యాప్‌లో పైన ఉన్న బ్యాంకు బ్రాంచి సేవలో కింద ఉండవచ్చు. ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ ఏడాదికి రెండుసార్లు బ్యాంకుల వారీగా ఫిర్యాదుల లెక్క ఇస్తుంది. అందులో మొత్తం సంఖ్య చూసి బెదరకండి, పెద్ద బ్యాంకుకు ఎక్కువే ఉంటాయి. వెయ్యి ఖాతాలకు ఎన్ని అన్న గడి చూడండి.

మీ కేసుకు అన్నిటికన్నా పనికొచ్చేవి రెండు. ఒకటి, అంబుడ్స్‌మన్ విడుదల చేసే లెక్క: ఫలానా బ్యాంకుపై వచ్చిన కేసుల్లో ఎన్ని శాతం కస్టమరు వైపు తేలాయి. ఆ శాతం ఎక్కువంటే ఆ బ్యాంకు తమ దగ్గరే సరిచేయాల్సినవాటిని కొట్టేస్తోందన్నమాట. రెండోది, అంబుడ్స్‌మన్ తుది నిర్ణయాలు. కస్టమరు పేరు తీసేసి, బ్యాంకు పేరుతో వాళ్ల వెబ్‌సైటులో పెడతారు. అద్దె మోసం, గది, డిపాజిట్ అన్న ఇంగ్లీషు మాటలతో వెతికి మీ బ్యాంకువి మూడు నాలుగు చదవండి. 2024 అక్టోబరు 7 తర్వాతి పేమెంట్లవి చూసుకోండి, అంతకుముందు నిబంధనలు వేరు. బ్యాంకు ఏ వాదన చేసింది, అంబుడ్స్‌మన్ దేన్ని ఒప్పుకున్నారు, దేన్ని కొట్టేశారు అన్నది అర్థమవుతుంది. కస్టమరు ఓడిన నిర్ణయాలు కూడా చదవండి. ఓడినవాళ్లు ఎక్కడ తడబడ్డారో వాటిలోనే కనిపిస్తుంది.

బ్యాంకు మార్చడం గురించి. మారితే ఫిర్యాదు హక్కు పోదు. కానీ ఇప్పుడే కరెంట్ అకౌంట్ స్విచ్ సర్వీస్ వాడకండి. ఏడు పని దినాల్లో జీతం, డైరెక్ట్ డెబిట్లతో సహా అంతా కొత్త ఖాతాకు వెళ్లిపోతుంది, పాత ఖాతాకు వచ్చే డబ్బు కూడా మూడేళ్ల పాటు కొత్తదానికే మళ్లుతుంది. సేవ మంచిదే, కానీ దాంతో పాత ఖాతా మూతపడుతుంది, యాప్ లాగిన్ పోతుంది. ఆ తిరస్కరణ మెసేజ్, చాట్‌లు, పేమెంటు వివరాల తెర అన్నీ దాంతోపాటే పోతాయి. వేరే బ్యాంకులో కొత్త ఖాతా మామూలుగా తెరిచి, పార్ట్‌టైమ్ జీతం అక్కడికి మార్చుకోండి, పాతది అలాగే ఉంచండి. కేసు ముగిశాక స్టేట్‌మెంట్లు ఆరేళ్లవి పీడీఎఫ్‌లో దించుకుని, అప్పుడు మూయించండి. వీసా పొడిగింపుకు పాత స్టేట్‌మెంట్లు అడిగే అవకాశమూ ఉంది.